కొండవీటి చెరువుల దగ్గర



కోట చూడడానికి వెళ్లినవాళ్ల కళ్లు ముందు గోడల మీదికి పోతాయి. ఎంత ఎత్తు, ఎంత మందం, ఏ బురుజు మీద ఫిరంగి ఉండేది అని అడుగుతారు. కొండవీడు వెళ్లేవాళ్లకు నా మనవి ఒకటే: ముందు చెరువుల దగ్గరికి వెళ్లండి. గోడలు తరవాత చూడవచ్చు. ఆ కొండ మీద రాజధాని పెట్టుకుని సుమారు డెబ్భై ఏళ్లు తీరాంధ్రాన్ని ఏలిన రెడ్డిరాజుల సంగతి, వాళ్ల తరవాత ఆ కొండ కోసం కొట్టుకున్న గజపతుల సంగతి, రాయల సంగతి, సుల్తానుల సంగతి ఆ నీటి ఒడ్డున నిలబడితేనే బాగా తలకెక్కుతాయని నా నమ్మకం.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే కుడిచేతి వైపు కొండల వరస ఒకటి చాలాసేపు మన వెంటే వస్తుంది. అవే కొండవీటి కొండలు. ఇప్పటి లెక్కలో పల్నాడు జిల్లా, యడ్లపాడు మండలం. చుట్టూ పత్తి, మిరప చేలు, నల్లరేగడి నేల. ఆ చదునులో ఉన్నట్టుండి లేచిన కొండలు కాబట్టి పైకెక్కినవాడికి నాలుగు దిక్కులూ దాపరికం లేకుండా కనిపిస్తాయి. దండు కదిలితే లేచే దుమ్మును అల్లంత దూరాన ఉండగానే పసిగట్టవచ్చు. కోటకు ఈ చోటు ఎంచుకున్నవాడి కన్ను మామూలు కన్ను కాదు.

కానీ ఎత్తు ఒక్కటే చూసుకుంటే కోట నిలవదు. కొండ మీద రాజు ఉన్నాడంటే రాణివాసం ఉంటుంది, దండు ఉంటుంది, గుర్రాలు, ఏనుగులు ఉంటాయి. వంటవాళ్లు, కమ్మర్లు, పూజారులు, లెక్కలు రాసే కరణాలు ఉంటారు. వీళ్లందరికీ ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. కింద ఏ వాగో పారుతున్నా దాన్ని కొండెక్కించే సాధనం ఆ రోజుల్లో లేదు. పైన పడిన వానే దిక్కు. ఎప్పటికీ తెగని జాబితాను పట్టుకుని కొండవీటి చాంతాడంత ఉందని మనం అంటూ ఉంటాం కదా, చాంతాడు వేసి తోడుకున్న అక్కడి బావుల లోతు, ఆ నీటి కష్టం అలా జనం నోట నిలిచిపోయాయి.

ఆ కష్టానికి కొండ మీదివాళ్లు వెతుక్కున్న ఉపాయమే మూడు చెరువులు. పుట్టాలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. రెండు శిఖరాల నడుమ పల్లం ఎక్కడుందో చూసుకుని, దానికి అడ్డంగా కట్ట వేసి, కొండవాలున జారిపోయే వాననీటిని ఆపారు. ఒకటి నిండి పొర్లితే ఆ నీరు లోయ పాలు కాకుండా ఇంకో చెరువుకు చేరే ఏర్పాటు చేశారు. వానాకాలం చివర, చెరువులు నిండుగా ఉన్నప్పుడు చూడండి. ఒక చెరువు కట్ట మీద నిలబడి వాలు ఎటు ఉందో, నీరు ఎటు తిరుగుతుందో కళ్లతోనే వెంబడిస్తూ పోతే, ఆరేడు వందల ఏళ్ల కిందటి ఆ పనివాళ్ల ఆలోచన మొత్తం పటం గీసినట్టు తెలుస్తుంది. ఏ చెరువు ఎక్కడ ఉండాలో వాళ్లు కొండనే అడిగి తెలుసుకున్నారు. గోడ కట్టడానికి బలం చాలు, ఇలాంటి చెరువు కట్టడానికి ఓపిక కావాలి. నాలుగైదు వానాకాలాలు కొండ మీద నీటి నడక చూసినవాడే ఆ పని చేయగలడు.

ఇక ఈ కొండ మీదికి రాజధాని ఎందుకొచ్చిందో చెప్పాలి. 1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయుల కింద పనిచేసిన నాయకులు ఎక్కడివాళ్లక్కడ లేచి, పోయిన దేశాన్ని తిరిగి కూడగట్టుకున్నారు. అలా లేచినవాడే ప్రోలయ వేమారెడ్డి. ఆయన రాజధాని అద్దంకి. శ్రీశైలానికి, అహోబిలానికి యాత్రికుల కోసం మెట్లు కట్టించిన పుణ్యం ఆయనది. ఎర్రన హరివంశం అంకితమిచ్చింది ఆయనకే. అద్దంకి మైదానంలో ఉంటుంది. ఒకవైపు బహమనీ సుల్తానులు, మరోవైపు రాచకొండ, దేవరకొండల వెలమ ప్రభువులు కత్తులు నూరుతుంటే మైదానపు రాజధాని అపాయం. అందుకే ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు.

అంటే ప్రాణభయంతో కొండెక్కిన రాజ్యమా ఇది? అలా అనుకుంటే అనవోతారెడ్డికి అన్యాయం చేసినట్టే. కొండెక్కినా ఆయన చూపు సముద్రం మీదే ఉంది. మోటుపల్లి రేవులో 1358లో ఆయన వేయించిన శాసనం ఉంది. పరదేశాల నుంచి వచ్చే వర్తకులకు అది అభయపత్రం. ఇక్కడ కాపురముంటామని వస్తే చోటిస్తాం, వెళ్తామంటే అడ్డుపెట్టం, మీ సరుకు మీకు నచ్చినవాళ్లకు అమ్ముకోవచ్చు అని అందులో మాటిచ్చాడు. బిడ్డలు లేకుండా చనిపోయిన వర్తకుడి సొత్తును రాజు జప్తు చేసే పాత పద్ధతిని కూడా వదులుకున్నాడు. ఒక రాజు తన ఖజానాకు రావలసిన సొమ్మును వద్దనుకోవడం చిన్న విషయం కాదు. ఓడలు వస్తే అంతకు పదింతలు వస్తుందని ఆయనకు తెలుసు.

ఓడలు వచ్చాయి కూడా. అనవోతుడి తరవాత తమ్ముడు అనవేమారెడ్డి ఏలాడు. శ్రీశైలం గుడిలో వీరశిరోమండపం కట్టించింది ఈయనే. ఆయన తరవాత అనవోతుడి కొడుకు కుమారగిరిరెడ్డి వచ్చాడు. ఏటేటా వసంతోత్సవాలు జరిపించి కర్పూర వసంతరాయలని పేరు తెచ్చుకున్నవాడు. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఈ సెట్టిగారికే. దాని అవతారికలో ఆయన సరుకుల పట్టిక ఉంది: దీవుల నుంచి కర్పూరం, సింహళం నుంచి ఏనుగులు, హోర్ముజు నుంచి గుర్రాలు, హిమాలయ సీమల నుంచి కస్తూరి, చీనా నుంచి పట్టు. పల్నాటి పొలాల నడుమ ఉన్న ఈ ఒంటరి కొండకు ఇన్ని దేశాల వాసనలు చేరాయి. కుమారగిరి స్వయంగా వసంతరాజీయమనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. అది మనకు దక్కలేదు. ఆయన బావమరిది, మంత్రి కాటయవేముడు కాళిదాసు నాటకాలు మూడింటికీ వ్యాఖ్యానాలు రాశాడు. అవి మాత్రం దక్కాయి. కత్తి పట్టిన చేతితోనే శాకుంతలానికి వ్యాఖ్యానం రాసిన మంత్రి తిరిగిన చోటు అని గుర్తు పెట్టుకుని ఆ రాళ్ల మధ్య నడవండి.

తరవాత పెదకోమటి వేమారెడ్డి. 1402 నుంచి 1420 దాకా ఏలాడు. స్వయంగా పండితుడు, అలంకారశాస్త్రం మీద గ్రంథం రాసినవాడు. ఆయన దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి. రాజ్యంలో ఏ పండితుడికి ఏ సత్కారం జరగాలో తేల్చే పదవి అది. శృంగార నైషధం వెలువడింది ఈ కాలంలోనే. అయితే శ్రీనాథుడంటే మనకు కావ్యాలు, చాటువులే గుర్తొస్తాయి. శాసనాలు కూడా రాశాడు. పెదకోమటి భార్య సూరాంబ కొండకు అవతలి పక్క, ఇప్పటి ఫిరంగిపురం దగ్గర, సంతానసాగరమని ఒక పెద్ద చెరువు తవ్వించింది. 1409 నాటి ఆ చెరువు శాసనం కవిసార్వభౌముడి రచనే. కొంతకాలానికి ఆమె కొడుకు రాచవేమారెడ్డి ఆ చెరువులోకి నీరు తేవడానికి జగనొబ్బగండ కాలువ తవ్వించాడు. అమీనాబాదు శాసనంలో ఆ సంగతి ఉంది. తల్లి చెరువు తవ్విస్తే కొడుకు దానికి కాలువ తెచ్చాడు. కొండ మీద నేర్చుకున్న నీటి విద్య కొండ కింది రైతుకు అందింది. కొండవీటి చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. యుద్ధాలన్నీ దీని తరవాతే.

ఆ రాచవేముడే గద్దెక్కాక చెడ్డపేరు మూటకట్టుకున్నాడు. బిడ్డ పుడితే పన్ను కట్టాలని పురిటి సుంకం వేశాడని, దానికి మండిపడి సవరం ఎల్లయ్య అనేవాడు రాజును పొడిచి చంపాడని జనశ్రుతి. ఏమైనా 1424తో కొండవీటి రెడ్ల ఏలుబడి ముగిసింది. శ్రీనాథుడు కొలువు పోగొట్టుకుని ఊరూరా తిరిగి, కడకు రాజమహేంద్రవరం రెడ్ల ఆసరా చేరాడు. అంతటి కవి చివరి బతుకు ఎంత దీనంగా గడిచిందో చెప్పే చాటుపద్యాలు ఆయన పేర వినే ఉంటారు. నా మటుకు నాకు, ఆ కొండ మీద ఇప్పుడు కనిపించే ఏ కూలిన గోడ కన్నా అదే ఎక్కువ బాధ కలిగించే శిథిలం.

రెడ్ల తరవాత కోట విజయనగరం చేతికి, అక్కడి నుంచి 1454 ప్రాంతంలో ఒడిశా గజపతుల చేతికి పోయింది. శ్రీకృష్ణదేవరాయలు తూర్పు దండయాత్రకు వచ్చేనాటికి లోపల ఉన్నది ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు. రాయలు 1514లో ఉదయగిరి పట్టాడు. దారిలో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ వంటి కోటలు లొంగాయి. కొండవీడు అంత తొందరగా లొంగలేదు. చుట్టూ దారులు కట్టి, నెలల తరబడి ముట్టడించాల్సి వచ్చింది. 1515 జూన్ 23, శనివారం నాడు రాయల మంత్రి సాళువ తిమ్మరుసు కోట పట్టాడని మంగళగిరి శాసనం చెబుతుంది. ఆ నెల ఏదో గమనించండి. నడివేసవి దాటిపోయి తొలకరి వేళ. కొండ మీది చెరువులు అడుగంటే రోజులవి. ఆ అడుగంటడమే కోటను లొంగదీసిందని ఏ శాసనమూ చెప్పదు, నేనూ చెప్పను. కానీ ఎండాకాలంలో ఒకసారి ఆ కొండెక్కి ఖాళీ అయిన చెరువును చూసినవాళ్లకు ముట్టడి అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

గెలిచిన రాయలు జూలైలో అమరావతి వెళ్లి అమరేశ్వరుడి సన్నిధిలో తులాపురుష దానం చేశాడు. కొండవీడు తిమ్మరుసు చేతిలో, ఆయన మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి చేతిలో పడింది. గోపమంత్రి కూడా చదువరే, ప్రబోధచంద్రోదయ నాటకానికి వ్యాఖ్య రాశాడు. ఆయన కొండవీటిలో రాముడి గుడికి మాన్యాలిచ్చి 1520లో వేయించిన శాసనం ఒకటి ఉంది. బజారులోకి వచ్చే సరుకు మీద గోనెకు ఇంత అని దేవుడికి చెల్లించే సుంకం రాయించారు. ఆ జాబితా చదువుతుంటే అయిదు వందల ఏళ్ల కిందటి సంత కళ్ల ముందుకొస్తుంది. జొన్నలు, సజ్జలు, ఉప్పు, మామిడికాయలు, వంకాయలు. మినుములు, శనగలు, ఉలవలు. పత్తి, చింతపండు, నూలు, చేమ, ఉల్లి, పసుపు, మెంతులు, జీలకర్ర, ఆవాలు, పచ్చి అల్లం, నిమ్మకాయలు, కొబ్బరికాయలు. బెల్లం, నెయ్యి, ఆముదం, పోకలు, తమలపాకులు. ఆ తరవాత పిప్పళ్లు, లవంగాలు, జాజికాయ, జాపత్రి, చందనం, సీసం, తగరం, రాగి. సరుకు విలువ పెరిగిన కొద్దీ సుంకమూ పెరిగింది. గమనించారా, ఇందులో మిరపకాయ లేదు. అప్పటికి అది మన నేలకు ఇంకా రాలేదు. ఈనాడు మిరప పేరు చెబితే గుర్తొచ్చే గుంటూరు సీమలో, ఆనాటి కారమంతా అల్లంలో, పిప్పళ్లలో, ఆవాల్లో ఉంది.

కొండ కింద గోపీనాథస్వామి గుడి ఉంది. జనం దాన్ని కత్తుల బావి అంటారు. రాయల మనుషులు డెబ్భై రెండు మంది రెడ్డి దుర్గాధిపతులను దేవుడి దర్శనమని పిలిచి, ఒక్కొక్కరినే లోపలికి పంపి, కత్తులు పాతిన బావిలో పడదోశారన్నది కథ. ఊళ్లో పెద్దలు చెబుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. నేను నమ్మను. 1515 నాటికి కొండవీటిలో రెడ్డిరాజ్యం పోయి తొంభై ఏళ్లు దాటింది, కోటలో ఉన్నది గజపతి సేన. పట్టుబడిన ప్రముఖుల పేర్లను మంగళగిరి శాసనం వరసగా చెబుతుంది. వాళ్లలో ముఖ్యుడైన వీరభద్రుడికి రాయలు కన్నడ దేశంలో ఒక సీమ ఏలుకోవడానికి ఇచ్చినట్టు మరుసటి ఏటి శాసనమే ఉంది. శత్రువు కొడుకునే అలా చూసినవాడు, లేని రాజ్యానికి చెందిన దొరలను బావిలో ఎందుకు పడదోస్తాడు? అయినా ఈ కథ చెప్పవద్దని ఎవరితోనూ అనను. ఓడిపోయిన వంశాన్ని తలచుకుని జనం ఎన్ని తరాలు కుమిలిపోయారో ఆ కథలో ఉంది. కథను కథగా వినండి, గుడి స్తంభాలను తీరిగ్గా చూడండి.

ఆ తరవాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1579లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సేన కోట పట్టింది. పేరు ముర్తుజానగరమైంది. మొగలాయిలు వచ్చారు, 1752లో ఫ్రెంచివాళ్లు వచ్చారు, 1788లో గుంటూరు సర్కారుతో పాటు ఇంగ్లీషువాళ్ల చేతిలో పడింది. అప్పటికే యుద్ధం తీరు మారింది. ఫిరంగుల కాలంలో కొండకోటకు విలువ తగ్గింది. పాలన మైదానానికి దిగి గుంటూరు చేరింది. కొండ మీద చెట్టూ చేమా మొలిచాయి. కొండవీటి వివరాలు కైఫియతులనే స్థానిక చరిత్రల్లోకి ఎక్కడం, దండకవిలె అనే పాత రికార్డు దొరకడం, తరవాత మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనం శాసనంగా ఏరి 1948లో రెడ్డిరాజ్యాల చరిత్ర అచ్చు వేయించడం మన అదృష్టం. ఆ పుస్తకం లేకపోతే ఈ ప్రసంగంలో సగం మాటలు నా దగ్గర ఉండేవి కావు.

ఇప్పుడు వెళ్లేవాళ్ల కోసం. పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. పెద్దవాళ్లను కూడా హాయిగా తీసుకెళ్లవచ్చు. మోకాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు మాత్రం ఒక్కసారైనా పాత మెట్లదారిన ఎక్కండి. దారి మలుపు తిరిగినప్పుడల్లా పైనుంచి ఒక గోడ మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. ఎక్కుతున్న శత్రువుకు ఎలా ఉండేదో అప్పుడు తెలుస్తుంది. కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా అని రెండు ప్రవేశాలున్నాయి. ఆ ద్వారాలకు నిలబెట్టిన నల్లరాతి బండల దగ్గర కాసేపు ఆగండి. గోడల్లో రాళ్ల సందున పెట్టిన గచ్చు ఇప్పటికీ చేతికి గట్టిగా తగులుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సీతాఫలాల రోజుల్లో వెళ్తే ఇంకా బాగుంటుంది. తాగే నీళ్లు మీ వెంటే తీసుకెళ్లండి, ఖాళీ సీసాలు మీ వెంటే తెచ్చుకోండి. చెరువుల్లో దిగవద్దు. అడుగు ఎక్కడ జారుతుందో తెలియదు.

ఇంకొక్క మాట కాస్త గట్టిగా చెప్పాలి. గుప్తనిధులున్నాయని గునపాలు పట్టుకుని గుడి గర్భాలు తవ్వే పీడ మన కోటలన్నిటికీ ఉంది. రెడ్డిరాజుల సొమ్ము పాతరల్లో దాగలేదు. మెట్లుగా, చెరువులుగా, కాలువలుగా, కావ్యాలుగా ఖర్చయిపోయింది. ఒక విగ్రహం కదిలిస్తే ఎవడికీ బంగారం దొరకదు, శాసనం ఉన్న రాయి మాత్రం ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఏ సూరాంబ చెరువు సంగతి పోతుందో ఎవరికి తెలుసు? గునపం చప్పుడు వినిపిస్తే పోలీసులకు చెప్పండి. గోడల మీద పేర్లు గీకే కుర్రాళ్లు కనిపిస్తే దగ్గరికి పిలిచి, బాబూ, ఈ గోడ ఎవరిదో తెలుసా అని మెల్లగా అడగండి. చాలామందికి నిజంగానే తెలియదు, చెబితే వింటారు.

కొండ దిగాక చెంగిజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్దల కృష్ణుణ్ణి దర్శించుకోండి. అటువైపు దిగితే ఫిరంగిపురం, బాలయేసు గుడి. ఇంకో రోజు చేతిలో ఉంటే చినగంజాం వైపు వెళ్లి మోటుపల్లి వీరభద్రస్వామి గుడి కూడా చూసి రండి. కొండ ఒక్కటే చూసినవాళ్లకు రెడ్డిరాజ్యం సగమే తెలుస్తుంది. ఆ వర్తకులకు మాటిచ్చిన రేవు అక్కడుంది. పిల్లలను వెంట తీసుకెళ్లండి. శ్రీనాథుడి పద్యాలు నోటికొచ్చిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే వాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టుకోండి.